సాయంకాలపు తెర ముందు పిల్లలు: బాధ్యత ఎవరిది?



మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసం ఈసారి నన్ను చెయ్యమని నిర్వాహకులు అడిగినప్పుడు, అది గౌరవంతో పాటు బరువుగా కూడా తోచింది. ఇంతకుముందు ఈ వేదిక మీద మాట్లాడినవారు సాహిత్యాన్ని గురించీ చరిత్రను గురించీ గొప్ప ప్రసంగాలు చేశారు. నేను ఎంచుకున్న విషయం వాటితో పోలిస్తే ఇంటి నాలుగు గోడల మధ్యది. కానీ మాస్టారు బతుకంతా పిల్లల మధ్య గడిపిన మనిషి. పిల్లవాడు అడిగిన ప్రశ్నకు పెద్దవాళ్లు తడబడకుండా జవాబు చెప్పగలగడం చదువులో పెద్ద భాగమని నమ్మిన ఉపాధ్యాయుడు. ఆయన స్మృతికి ఈ విషయం తగుతుందనే నా విశ్వాసం.

సాయంత్రం ఆరు గంటల నుంచి తొమ్మిది దాకా మన ఇళ్లలో టీవీ తెర మీద వచ్చే లైంగిక ధోరణులు, వాటి విషయంలో తల్లిదండ్రుల బాధ్యత గురించి నేనివాళ మాట్లాడతాను. నేను చెప్పదలచినది స్థూలంగా ఇదీ. పిల్లల చూపును కాపాడే పనిని మన సమాజం ఎన్నడూ తల్లిదండ్రులకు ఒంటరిగా అప్పగించలేదు. వేళ, చోటు, కట్టుబాటు, చట్టం కలిసి ఆ పని చేసేవి. టెలివిజన్ ఆ నాలుగింటినీ దాటుకుని నట్టింట్లోకి వచ్చింది. బరువంతా ఇంటి మీద పడింది. ఇల్లు ఆ బరువు కింద మాట్లాడడం మానేసింది. తెర మాట్లాడుతుంటే ఇల్లు మౌనంగా ఉండడమే మన పిల్లలకు జరుగుతున్న అసలు నష్టం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. శృంగారం మనకు పరాయిది కాదు. నవరసాలను లెక్కపెట్టేటప్పుడు మొదట చెప్పేది దాన్నే. హాలుడి పేరిట నిలిచిన గాథాసప్తశతి నుంచి క్షేత్రయ్య పదాల దాకా, కూచిపూడి భామాకలాపం దాకా ఈ నేల మీద ఆ రసానికి గొప్ప వారసత్వం ఉంది. దాన్ని అశ్లీలమని ముద్రవేసి అణచిన చరిత్ర కూడా ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని రాసిన రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పరిష్కరించి అచ్చు వేయించారు. కొద్దికాలానికే బ్రిటిష్ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారి చొరవతో ఆ నిషేధం తొలగడానికి 1947 దాకా పట్టింది. ఒక స్త్రీ రాసిన కావ్యం, మరొక స్త్రీ అచ్చువేయించిన కావ్యం అన్నేళ్లు చీకట్లో ఉండిపోయింది. ఈ చరిత్ర తెలిసినవాళ్లు అశ్లీలం అన్న మాటను తొందరపడి వాడరు. నేనూ వాడను.

అయితే ఆ సంప్రదాయంలో ఆ రసానికి తగిన శ్రోత ఉండేవాడు, తగిన వేళ ఉండేది. మేజువాణీ పెద్దల సభ. జాతరలో రికార్డింగ్ డాన్సు బాగా పొద్దుపోయాక మొదలయ్యేది. సినిమా హాలు వచ్చాక గేటు వచ్చింది. 'పెద్దలకు మాత్రమే' అని పోస్టరు మీద రాసిన బొమ్మకు నిక్కరు తొడుక్కున్న కుర్రాడు వెళితే గేటు దగ్గర టికెట్టు చింపే మనిషి ఆపేవాడు. అతను ఆపకపోయినా హాల్లో ఊరివాళ్లెవరో చూసి ఇంట్లో చెప్పేవారు. చట్టం కూడా ఆ గేటునే గుర్తించింది. యు, ఎ అనే రెండు రకాల సర్టిఫికెట్లు 1949లో వచ్చాయి. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం వాటిని కొనసాగించింది. 1983లో యుఎ వచ్చి చేరింది. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆ సినిమా చూపించాలా వద్దా అన్నది తల్లిదండ్రులు నిర్ణయించుకోవాలని దాని భావం.

మన సినిమా చట్టంలోకి తల్లిదండ్రుల విచక్షణ అలా ప్రవేశించింది. ఆ విచక్షణ ఎలాంటిదో గమనించండి. బొమ్మ పేరు ముందే తెలుసు, సర్టిఫికెట్ ముందే తెలుసు. ఇంటి గడప దాటకముందే, టికెట్టు కొనకముందే, తీరిగ్గా ఆలోచించుకుని తీసుకునే నిర్ణయం అది. సమాచారమూ వ్యవధీ ఉన్నాయి కాబట్టే దాన్ని బాధ్యత అనగలిగాం.

ఆ పాత కట్టుబాట్లన్నీ మంచివని నేననను. వాటిలో కళావంతుల స్త్రీలకు దక్కింది నింద, మగవాళ్లకు దక్కింది వినోదం. ఇంట్లోనో బంధువర్గంలోనో పిల్లల మీద జరిగే అకృత్యాలను పరువు పేరుతో ఆ కట్టుబాట్లే కప్పిపెట్టాయి. వాటిని తిరిగి తెచ్చుకోవాలన్నది నా వాదన కాదు. పిల్లలకూ పెద్దల లోకానికీ మధ్య గేటు ఒకటి ఉండాలనీ, దాన్ని కాయడం అందరి పని అనీ వాటిలో ఉన్న ఒక్క సూత్రాన్ని మాత్రం మనం పోగొట్టుకోకూడదు.

ఇక టెలివిజన్ సంగతికి వద్దాం. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రసారాలు మొదలయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సైట్ పేరుతో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో మన తెలుగు పల్లెలూ ఉన్నాయి. ఊరుమ్మడిగా ఒకే సెట్టు, దాని ముందు ఊరంతా. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. 1982లో రంగులు వచ్చాయి. 1984లో మొదలైన హమ్ లోగ్ ధారావాహికకు మూలం కుటుంబ నియంత్రణ సందేశాన్ని కథగా చెప్పాలన్న ఆలోచన. అంటే స్త్రీ పురుష సంబంధాల గురించి, కాన్పుల గురించి, ఆడపిల్ల విలువ గురించి ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వేళలో మాట్లాడవచ్చునని ఈ దేశం ఒకప్పుడు అనుకుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను.

1991లో స్టార్, 1992లో జీ, 1995లో మన జెమిని, ఈటీవీ వచ్చాయి. ప్రభుత్వ గుత్తాధిపత్యం పోయింది. అది మంచిదే. తెలుగు ప్రేక్షకుడికి తన భాషలో రోజంతా వార్తలు, పాటలు, కథలు అందాయి. కానీ ప్రైవేటు ఛానెల్ బతికేది ప్రకటనల మీద, ప్రకటనలు వచ్చేది రేటింగుల మీద. సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా సాగే ప్రైమ్ టైమ్‌లోనే ఆ పోటీ అంతా. పిల్లలు బడి నుంచి, ట్యూషన్ నుంచి వచ్చి తెర ముందు కూర్చునే వేళా అదే. ఛానెల్‌కు ఎక్కువ ఆదాయం వచ్చే గంటలూ పిల్లల చూపు తెర మీద ఉండే గంటలూ ఒకటే కావడంలోనే సమస్య మూలం ఉంది.

ఒక మామూలు ఇంటి సాయంత్రాన్ని దగ్గరగా చూద్దాం. ఏడున్నర. హాల్లో నాయనమ్మ సీరియల్ చూస్తోంది. ఆవిడ కాళ్ల దగ్గర చాప మీద నాలుగో తరగతి పిల్ల ఎక్కాలు రాసుకుంటోంది. వంటింట్లో కుక్కర్ కూత వేసింది. సీరియల్‌లో లైంగికమైనదేమీ లేదు. విరామం వచ్చింది. ఒక బాడీ స్ప్రే ప్రకటన. ఆ వాసనకు ఒళ్లు మరచి మగవాడి మీద వాలిపోయే ఆడవాళ్లు. తర్వాత రాత్రి తొమ్మిదిన్నరకు రాబోయే కామెడీ షో ప్రోమో. ముప్ఫై సెకన్లలో మూడు ద్వంద్వార్థాలు, ఒక్కోదానికీ నవ్వుల హోరు. ఆ తర్వాత ఆదివారం వేయబోయే కొత్త సినిమాలోంచి ఐటమ్ పాట, నడుము మీదే నిలిచిపోయిన కెమెరా. పిల్ల తలెత్తి చూసింది. నాయనమ్మ కొంగు సర్దుకుంది. అప్పుడే లోపలికి వచ్చిన తండ్రి రిమోట్ అందుకుని ఛానెల్ మార్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల మళ్లీ పుస్తకంలో తల దూర్చింది. ఇలాంటి సాయంత్రాలు లక్షల ఇళ్లలో రోజూ గడుస్తున్నాయి.

చట్టం లేదా అంటే ఉంది. 1994 నాటి కేబుల్ నిబంధనల్లో ఆరో నిబంధన కార్యక్రమాల నియమావళి. 1995 కేబుల్ టెలివిజన్ చట్టం దానికి బలం ఇచ్చింది. పిల్లలకు తగని కార్యక్రమాలను, పిల్లలు ఎక్కువ సంఖ్యలో చూసే వేళల్లో ప్రసారం చేయరాదని అందులో ఉంది. ఆ వేళ ఏదో మాత్రం గడియారం లెక్కన చెప్పలేదు. ముంబైలో ప్రతిభా నైథానీ అనే అధ్యాపకురాలు వేసిన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు పెద్దలకు మాత్రమే అని సర్టిఫికెట్ పొందిన సినిమాలు కేబుల్ మీద రాకూడదని గట్టిగా చెప్పింది. 2006 ఆగస్టులో ఆ ఆదేశాల అమలులో భాగంగా ముంబైలో సినిమా ఛానెళ్లు కొన్నాళ్లు మూతపడ్డాయి. 2010 నవంబరులో రెండు హిందీ రియాలిటీ షోలను రాత్రి పదకొండు తర్వాతకు మార్చమని కేంద్ర సమాచార శాఖ ఆదేశించింది. 2011లో ఛానెళ్లే స్వీయ నియంత్రణకు పూనుకున్నాయి. జస్టిస్ ఎ.పి. షా అధ్యక్షతన ఫిర్యాదుల మండలి ఏర్పడింది. పెద్దలకు ఉద్దేశించిన కార్యక్రమాలను రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా మాత్రమే వేయాలని తమకు తాము గీత గీసుకున్నాయి.

గీత మంచిదే. అది కార్యక్రమాన్ని ఆపుతుంది. కానీ నాయనమ్మ ముందు, మనవరాలి ముందు వచ్చినవి ప్రకటన, ప్రోమో, పాట ముక్క. రాత్రి వేసే కార్యక్రమంలోని అత్యంత ఘాటైన ముప్ఫై సెకన్లను ఏరి రోజంతా చూపించడమే ప్రోమో స్వభావం. మర్నాడు మధ్యాహ్నం పునఃప్రసారం ఉంటుంది. అప్పటికే ఆ ముక్క ఫోన్లలో తిరుగుతూ ఉంటుంది. సెట్‌టాప్ బాక్సులో తాళం ఉందంటారు. సాధారణంగా ఆ తాళం పడేది ఛానెల్‌కు. నాయనమ్మ సీరియల్, పిల్ల పాటల పోటీ, ఆ ప్రోమో అన్నీ ఒకే ఛానెల్‌లో వస్తున్నప్పుడు తాళం దేనికి వేయాలి?

ఇతర దేశాలు ఈ దారిలో మనకంటే ముందు నడిచాయి. బ్రిటన్‌లో మేరీ వైట్‌హౌస్ అనే ఉపాధ్యాయురాలు 1964లో బర్మింగ్‌హామ్ టౌన్ హాల్లో టీవీ ప్రక్షాళన ఉద్యమం ప్రారంభించారు. ఆమె ప్రతి అభిప్రాయాన్నీ మనం ఒప్పుకోనక్కర్లేదు. కానీ రాత్రి తొమ్మిది దాకా తెర పిల్లలది కూడా అన్న నియమం ఆ దేశంలో స్థిరపడి నేటికీ నిలిచింది. తొమ్మిది ఎప్పుడవుతుందో ప్రతి తల్లికీ తెలుసు. ఆ నియమానికి ఉన్న బలం ఆ స్పష్టతే. అమెరికాలో 1975లో కుటుంబ వీక్షణ వేళ అని ఒక ఏర్పాటు చేశారు. ప్రసార నియంత్రణ సంస్థ తెరవెనుక ఒత్తిడి తెచ్చి దాన్ని రుద్దిందని రచయితలు కోర్టుకెక్కారు. మరుసటి ఏడాదే న్యాయస్థానం తప్పుపట్టింది. 1996 చట్టంతో కొత్త టీవీ సెట్లలో వి-చిప్ అనే తాళాన్ని పెట్టించారు. ఆ తాళం తమ సెట్టులో ఉందని కూడా ఎందరో తల్లిదండ్రులకు తెలియలేదు. చాటుమాటు ఒత్తిడి నిలవదని, యంత్రం మనిషికి ప్రత్యామ్నాయం కాదని, అందరికీ తెలిసిన గంట ఒకటి పెడితే అది నిలుస్తుందని ఈ అనుభవాలు చెబుతున్నాయి.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా వినిపించే జవాబు ఒకటుంది. రిమోట్ మీ చేతిలోనే ఉంది కదా, ఇష్టం లేకపోతే మార్చుకోండి అంటారు. పైకి ఇది స్వేచ్ఛా వాదంలా వినిపిస్తుంది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. రాజ్యం చేతికి కత్తెర ఇస్తే అది ముందుగా ఎవరి గొంతు మీద పడుతుందో రాధికాసాంత్వనం కథే చెబుతుంది. కానీ ఈ జవాబులో రెండు లోపాలున్నాయి. మొదటిది, రిమోట్ తిప్పే లోపే ప్రోమో అయిపోతుంది. ముందస్తు సమాచారం లేని చోట విచక్షణకు తావెక్కడిది? పైగా ఆ వేళకు తల్లీ తండ్రీ ఇంట్లో ఉన్నారన్న ఊహ ఎంతమంది విషయంలో నిజం? రెండో షిఫ్టులో ఉన్న తండ్రి, దుకాణంలో నిలబడి అమ్మే తల్లి, గల్ఫ్‌కో మరో రాష్ట్రానికో వలస పోయి పిల్లలను అమ్మమ్మకు వదిలిన దంపతులు కూడా తల్లిదండ్రులే. రెండో లోపం ఇంకా పెద్దది. 1995లో క్రికెట్ ప్రసార హక్కుల కేసులో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ తీర్పు రాసినవారిలో మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి గారు ఒకరు. ఉమ్మడి ఆస్తిని వాడుకుని లాభం గడించేవారు, దానివల్ల కలిగే బాధ్యతను మాత్రం ప్రతి ఇంటికీ విడివిడిగా పంచడం న్యాయం కాదు.

ఇంతవరకు తల్లిదండ్రుల పక్షాన మాట్లాడాను. ఇప్పుడు తల్లిదండ్రులతో మాట్లాడాలి.

పిల్లల డాన్సు పోటీ మనందరం చూసినదే. ఆరేడేళ్ల పాప. పెదవులకు ముదురు ఎరుపు, పెద్దవాళ్ల కొలతలను గుర్తుచేసేలా కుట్టిన దుస్తులు. పాట ఐటమ్ పాట. కన్ను గీటడం, పెదవి కొరకడం, నడుము విసరడం అన్నీ నెలల తరబడి సాధన చేయించినవే. ఆ పాపకు ఆ సైగల అర్థం తెలియదు. జడ్జీలు లేచి నిలబడి ఈలలు వేస్తారు. కెమెరా ప్రేక్షకుల్లోకి తిరుగుతుంది. తల్లి ఆనందంతో కళ్లు తుడుచుకుంటూ ఉంటుంది. 2019 జూన్‌లో కేంద్ర సమాచార శాఖ ఈ విషయం మీదనే ఛానెళ్లకు సలహా పత్రం పంపింది. పెద్దల కోసం తీసిన సినిమా నృత్యాలను పసిపిల్లల చేత చేయించడం వారి మీద చెడు ప్రభావం చూపుతుందని హెచ్చరించింది. కానీ ఆ పాపను ఆ వేదిక ఎక్కించింది ఛానెల్ ఒక్కటే కాదు. అంతకుముందు బడి వార్షికోత్సవంలో అదే పాటకు అదే పాప ఆడితే ముందు వరుసలో కూర్చుని ఫోన్లలో తీసుకున్నది మనమే. తెరకు ఇవతల మనం బాధితులమైతే, తెరకు అవతల మనమే భాగస్వాములం.

అంతకంటే లోతైన వైఫల్యం మన మౌనం. తండ్రి ఛానెల్ మార్చినప్పుడు పిల్లకు ఒక పాఠం అందింది. ఇది చూడకూడనిది, అడగకూడనిది. చూడకూడనిది రేపు మరో చోట చూస్తుంది. అడగకూడదని మాత్రం ఎప్పటికీ గుర్తుంచుకుంటుంది. శరీరం గురించి, ఇష్టం గురించి, ఇష్టం లేకపోవడం గురించి, స్పర్శ గురించి, మర్యాద గురించి ఇంట్లో ఒక్క మాటా వినని పిల్లవాడికి ఆ విషయాల్లో గురువు ఐటమ్ పాటే అవుతుంది. ఆడపిల్ల వద్దంటే అది ఔననడమేనని, వెంటపడడమే ప్రేమని మన సినిమాలు ఎన్నోసార్లు నేర్పాయి. దానికి ఎదురు చెప్పే గొంతు ఇంట్లో లేకపోతే, బడిలో లేకపోతే, ఎక్కడ ఉంటుంది?

బడిలోనూ లేకుండా చేసుకున్నాం. ఎయిడ్స్ నియంత్రణలో భాగంగా కేంద్రం బడుల్లో కౌమార విద్యా కార్యక్రమాన్ని తెస్తే, 2007లో మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక వంటి రాష్ట్రాలు అది మన సంస్కృతికి విరుద్ధమని పక్కన పెట్టాయి. 2017 డిసెంబరులో కండోమ్ ప్రకటనలను రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మాత్రమే వేయాలని సమాచార శాఖ ఛానెళ్లకు సూచించింది. వాటిలో కొన్ని శృతిమించిన మాట నిజమే. కానీ ఫలితం చూడండి. ఆడదాన్ని వస్తువుగా చూపే ప్రకటనకు సాయంత్రం చోటుండగా, రోగాన్నీ అవాంఛిత గర్భాన్నీ ఆపే వస్తువుకు చోటు లేదన్నారు. ఉద్రేకానికి వేళ దొరికింది, విజ్ఞానానికి దొరకలేదు. హమ్ లోగ్ నాటి ధైర్యం నుంచి మనం ఇక్కడికి చేరాం.

ఈ మౌనానికి మూల్యం చెల్లించేది పిల్లలే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడడానికి 2012లో పోక్సో చట్టం తెచ్చుకున్నాం. ఆ చట్టం కదలాలంటే ముందు పిల్లవాడు నోరు విప్పాలి. తనకు జరిగినదానికి మాటలు తెలియాలి, ఆ మాటలు చెబితే అమ్మ కొట్టదు, నాన్న అసహ్యించుకోడు అన్న నమ్మకం ఉండాలి. ఆ నమ్మకం పోలీస్ స్టేషన్లో పుట్టదు. ఏడున్నరకు టీవీ ముందు, వచ్చిన ప్రశ్నకు పెద్దవాళ్లు ఇచ్చే జవాబులో పుడుతుంది.

ఇకముందు ఈ ప్రశ్న మరింత జటిలమవుతుంది. ఒకే తెర చుట్టూ ఇల్లంతా కూర్చునే కాలం జారిపోతోంది. పిల్ల చేతిలో ఫోన్ ఉంది. 2021 నిబంధనలు ఓటీటీలకు వయసుల వారీ గుర్తులు తెచ్చాయి. 2023 సవరణ సినిమాల యుఎను ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల మెట్లుగా విడదీసింది. ఇవి మంచి మార్పులు. కానీ దుప్పటి కింద వెలిగే ఫోన్‌ను ఏ గుర్తూ కాపలా కాయలేదు. ఉమ్మడి తెర ముందు మాట్లాడడం నేర్చుకోని ఇల్లు, విడి తెరల కాలంలో అసలే మాట్లాడలేదు. అందుకే సాయంత్రపు టీవీ ఇంకా హాల్లో ఉండగానే మనం ఆ పని మొదలుపెట్టాలి.

ముగించే ముందు అందరికీ నా మనవి చెప్పుకుంటాను.

ప్రభుత్వానికి: పిల్లలు చూసే వేళ ఏదో గడియారం ప్రకారం చెప్పండి. రాత్రి తొమ్మిది దాకా కార్యక్రమానికి వర్తించే నియమమే ప్రకటనకూ ప్రోమోకూ పాట ముక్కకూ వర్తించాలి. అంతకుమించి కత్తెర అడగవద్దు. ఛానెళ్లకు: మీలో చాలామంది తల్లిదండ్రులే, రాత్రి కార్యక్రమాన్ని రాత్రికే ఉంచండి. బడులకు: వార్షికోత్సవానికి పాటలు ఎంచేటప్పుడు ఆ పాట అర్థం ఆ పిల్లకు విడమరచి చెప్పగలరా అని ఆలోచించండి. చెప్పలేని పాటకు ఆడించవద్దు. పౌరులకు: 2021లో సవరించిన కేబుల్ నిబంధనల ప్రకారం మీ ఫిర్యాదును ఛానెల్ 24 గంటల్లో స్వీకరించినట్టు చెప్పాలి, 15 రోజుల్లో పరిష్కరించాలి. తీరకపోతే పైమెట్టు ఉంది. ఇంట్లో గొణుక్కోవడం మాని రాయండి.

తల్లిదండ్రులకు, తాత అమ్మమ్మలకు నా చివరి మాట. తగనిది వచ్చినప్పుడు ఛానెల్ మార్చడం మీ హక్కు, మార్చండి. కానీ మార్చి ఊరుకోకండి. ఎందుకు మార్చారో పిల్లకు చెప్పండి. ఆ పాటలోని స్త్రీని మనిషిగా చూపలేదు కాబట్టి మార్చానని చెప్పండి. పిల్ల అడిగితే వయసుకు తగిన నిజం చెప్పండి. తెలియకపోతే తెలుసుకుని చెబుతానని చెప్పి, తప్పక చెప్పండి. మొదటిసారి మాట తడబడుతుంది, రెండోసారి కాస్త తేలికవుతుంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఆ మొదటి మాట మొదలుపెట్టమని ఈ సభలో ఉన్న ప్రతి ఒక్కరినీ చేతులెత్తి వేడుకుంటున్నాను. మాస్టారికి మనం అర్పించగల నివాళి అదే.